అల్యూమినియం పట్టీ, రెండు బోల్టులు

ఉదయం ఆరూ పదికి నూకరాజు షెడ్డు తాళం తీసి, చీపురు పట్టుకుని రంపపు పొట్టు ఊడుస్తున్నాడు. ఊడ్చడం అతని పని కాదు. ఊడ్చేవాళ్లు మానేశారు.

కోరంగి దగ్గర పడవలు కట్టే ఆ షెడ్డులో రెండు నెలల్లో నలుగురు వెళ్లిపోయారు. నిన్న అయిదోవాడు, మిగిలిన ఆఖరివాడు, సొంత బావమరిది సత్తిబాబు. అతను బిగించిన చుక్కానిని నూకరాజు పడవ కొనేవాళ్ల ముందే విప్పించి, మళ్లీ తనే బిగించాడు. సత్తిబాబు సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. దసరాకి షెడ్డు నూకరాజుకు అప్పగిస్తానని గురువు అబ్బులు మేస్త్రి మాటిచ్చాడు. మనుషులు లేని షెడ్డు ఏం చేసుకోవాలి?

మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాక, నూకరాజు గోడు వెళ్లబోసుకున్నాడు. తాను తాగడు, కొలత తప్పడు, ఇనుప మేకు వాడడు. పడవకి వేసేవన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే. తనలో తప్పేమిటో చెప్పమన్నాడు.

"నీలో తప్పు వెతకాలంటే నాకీ కళ్లద్దాలు చాలవురా," అన్నాడు మేస్త్రి.

గ్లాసు కింద పెట్టి, ఒక అల్యూమినియం పట్టీ తీసుకుని రెండు చివర్లా కన్నాలు వేశాడు. ఒక కన్నంలో నూకరాజు వాడే స్టీలు బోల్టుని నేరుగా బిగించాడు. అలాంటిదే ఇంకో బోల్టుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, అటూ ఇటూ రబ్బరు బిళ్లలు పెట్టి రెండో కన్నంలో బిగించాడు. పట్టీని సముద్రపు నీళ్ల తొట్టిలో వేసి, పన్నెండు రోజులు ముట్టుకోవద్దన్నాడు.

నూకరాజు నవ్వాడు. "ఎన్నాళ్లుంచినా నా బోల్టుకేం కాదు గురువుగారూ."

"కాదు," అన్నాడు మేస్త్రి. "దానికేం కాదు."

ఆ పన్నెండు రోజులూ నూకరాజు ఒక్కడే పని చేశాడు. పలకలు ఎత్తడానికి రెండో చెయ్యి లేక పడవ సగంలోనే ఆగింది.

పదమూడో రోజు పొద్దున పట్టీ బయటికి తీశాడు. రబ్బరు పెట్టిన వైపు బోల్టూ బాగుంది, పట్టీ బాగుంది. నేరుగా బిగించిన వైపు బోల్టు మీద మచ్చ కూడా లేదు. దాని చుట్టూ అల్యూమినియం గుంటలు పడి, వేలు తగిలితే తెల్లటి పొడిగా రాలుతోంది.

నూకరాజు పట్టీని తొట్టి పక్కన పెట్టాడు.

సత్తిబాబు ఇల్లు షెడ్డుకి అర మైలు దూరం. చేతులైనా కడుక్కోకుండా అటు నడిచాడు.