పుక్కిట నీళ్లు

కృష్ణ ఒడ్డున కొండ మీది ఆరామంలో నందసేనుడనే భిక్షువు కొత్తగా చేరినవాళ్లకు సూత్రాలు నేర్పేవాడు. గొప్ప గొంతు అతనిది. పాఠం ఎత్తుకుంటే కింద రేవులో పడవలవాళ్లు కూడా చేతిలో పని ఆపి వినేవాళ్లు. ఆ గొంతంటే అతనికీ కాస్త ముచ్చటే.

అక్కడంతా నోటి పాఠం. గురువు ఒక పాదం చెప్పాలి, శిష్యులు దాన్ని రెండుసార్లు అనాలి. నందసేనుడు మాత్రం వాళ్లు అనే రెండుసార్లూ తనూ గొంతు కలిపేవాడు. ఎవరూ తడబడకూడదని అతని ఆరాటం. ప్రేమే తప్ప మరొకటి కాదు.

శిష్యుల్లో విధికుడని ఒకడు. చెప్పులు కుట్టే ఇంటినుంచి వచ్చాడు, వయసు ముప్పై దాటింది. ఏటా వానాకాలం చివరి పున్నమినాడు సంఘం ముందు ఒక్కొక్కరూ లేచి సూత్రం ఒప్పజెప్పాలి. కిందటేడు విధికుడు రెండు పాదాలు చెప్పి ఆగిపోయాడు. ఎంతసేపు నిలబడ్డా మూడోది రాలేదు. పెద్దలు దయతలచి ఇంకో ఏడు గడువిచ్చారు. ఈసారీ అంతే అయితే కాషాయం విప్పి ఇంటిదారి పట్టాల్సిందే.

పున్నమి దగ్గరపడేకొద్దీ నందసేనుడికి అన్నం సయించడం లేదు. చివరికి ఆచార్యుడు భద్రనాగుడి గదికి వెళ్లి కూర్చున్నాడు.

"భంతే, విధికుణ్ణి ముందే ఇంటికి పంపేద్దాం. నలుగురిలో మళ్లీ తలవంపులెందుకు వాడికి? నేను చూడలేను."

"పాఠం రాదా?"

"పాఠానికేం, భేషుగ్గా వచ్చు. రోజూ నా ఎదురుగా కూర్చుని పొల్లుపోకుండా అంటాడు. సభలో లేస్తేనే నోరు పెగలదు. పిరికివాడు, భంతే. పిరికితనానికి నేనేం పాఠం చెప్పను?"

ముసలాయన మెల్లగా లేచి, మూలనున్న కుండలోంచి ముంతతో నీళ్లు ముంచి తెచ్చాడు.

"పుక్కిట పట్టు. మింగకు, ఉమ్మకు. వెళ్లి పున్నమి పాఠం వాళ్లచేత చెప్పించు."

ఇదేం శిక్షో నందసేనుడికి అర్థం కాలేదు. అడుగుదామంటే నోటి నిండా నీళ్లు.

పాఠం దగ్గర కూర్చుని, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు. ఉబ్బిన దవడలు చూసి ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. మొదటి పాదం బాగానే లేచింది. రెండోది కాస్త పలచబడింది. మూడోదానికి వచ్చేసరికి గొంతులన్నీ ఒక్కసారి జారిపోయి, అందరూ అతని మొహంలోకి చూశారు. అందరిలోకీ చురుకైనవాడు ఒక్కడే ముందుకు సాగాడు, మిగతావాళ్లు వాడి వెనకే నడిచారు. ఆ చురుకైనవాడు మధ్యలో ఒక పాదాన్ని నిలువునా వదిలేశాడు. వదిలేసినట్టు వాడికీ తెలియదు.

నందసేనుడు వేలితో విధికుణ్ణి ఒక్కణ్ణే చూపించాడు.

విధికుడు లేచాడు. రెండు పాదాలు చెప్పి ఆగాడు. కాళ్లు వణకలేదు, చెమట పట్టలేదు. ఆకలి లేనివాడు బంతిలో కూర్చున్నట్టు తాపీగా చూస్తున్నాడు.

"మొదటి మాట అందించండి, అయ్యా. చెప్తాను."

నందసేనుడు తల అడ్డంగా ఆడించి తన దవడ చూపించాడు. పక్కనున్నవాడు జాలిపడి ఆ మాట అందించాడు. అంతే, విధికుడు పాదమంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసి మళ్లీ ఆగాడు. మళ్లీ ఒక మాట, మళ్లీ ఒక పాదం.

నందసేనుడు లేచి బయటికి పరుగెత్తి నీళ్లు ఉమ్మేశాడు. ఆచార్యుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం వినపడింది?"

"వాడికి భయం లేదు, భంతే. పాదాలన్నీ వచ్చు. దేని వెనక ఏది వస్తుందో తెలియదు. ఇన్నాళ్లూ ప్రతి పాదానికీ మొదటి మాట నేనే అందిస్తూ వచ్చాను."

పిరికివాడని తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

"వాన వచ్చేలా ఉంది. పాఠం కానివ్వు," అన్నాడు ఆచార్యుడు.

ఆ రోజునుంచి నందసేనుడు విధికుడికి ఒక పాదం చివరి మాటను తర్వాతి పాదం మొదటి మాటతో కలిపి నేర్పాడు. వదిలేసినవాడికి వదిలేసిన చోటే మళ్లీ చెప్పాడు. తన వంతు అయ్యాక ముంత అందుకుని, నీళ్లు పుక్కిట పట్టి, ఒక్కొక్కరినీ విడిగా వినేవాడు. కోతి శనగలు దాచుకున్నట్టుందని శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్లు. నవ్వనిచ్చాడు.

పున్నమి వచ్చింది. సంఘమంతా కూర్చుంది. విధికుడు లేచి నిలబడ్డాడు.

రెండు పాదాలు చెప్పి, ఊపిరి తీసుకోడానికి ఆగాడు. కిందటేడు ఆగింది సరిగ్గా ఇక్కడే. మూడో పాదం మొదటి మాట నందసేనుడి గొంతుదాకా తన్నుకొచ్చింది. దవడలు బిగించి ఆపుకున్నాడు.

విధికుడి చూపు అతని వైపు తిరగనే లేదు. మూడో పాదం వచ్చింది. దాని వెనకే నాలుగోది. అలా చివరిదాకా వచ్చింది. పెద్దల్లో ఒకాయన "సాధు" అన్నాడు.

అప్పుడు పుక్కిట పట్టిన నీళ్లు మింగాడు నందసేనుడు. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

పక్కనే కూర్చున్న భద్రనాగుడు ముంతను అతని వైపు జరిపాడు.

"ఇంకా ఇద్దరున్నారు, నాయనా."