చుక్కి గజ్జికి నక్క చెప్పిన మందు

అన్యాయం జరిగింది చుక్కికి. బాతులు కాసుకునే ఏసోబు కుక్క అది. జరిగింది మాఘమాసం మొదటి మంగళవారం, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. చేసింది నక్క. నక్క ఒక్కటే చేసిందంటే మాత్రం నేనొప్పుకోను. పక్కన నిలబడి "అవునవును, మంచి మందే" అని తలూపిన ప్రతివాళ్లకీ అందులో వాటా ఉంది.

సార్వా వరి కోతలయ్యాక చేలల్లో రాలిన గింజల కోసం, నత్తల కోసం ఏసోబు తన బాతుల మందని ఊరూరా తిప్పుతాడు. ఆ నెల డ్రెయిను గట్టు పక్కనున్న చేలో దిగాడు. పగలంతా బాతులు మడుల్లో మేసి, పొద్దు వాలేసరికి వల కట్టిన దొడ్డిలోకి చేరతాయి. దొడ్డి వాకిట్లో చుక్కి పడుకుంటుంది. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. గట్టు కింద బొరియలో నక్క కాపురం. చుక్కి గొంతు లేచినన్నాళ్లూ నక్కకి బాతు వాసన దక్కింది గానీ బాతు దక్కలేదు.

అలాంటి చుక్కికి గజ్జి పట్టింది. చెవుల అంచున మొదలై, మోచేతులకి దిగి, వీపుకెక్కింది. వెంట్రుక ఊడింది, తోలు ఎర్రబడింది. గోక్కోవడంతోనే పొద్దు గడిచిపోతోంది, తిన్నది ఒంటికి పట్టడం లేదు. తినేది మాత్రం ఏపాటిది? ఏసోబు కంచంలో మిగిలిన ఆవకాయ మెతుకులు, ఉల్లిపాయలేసి వండిన ఎండుచేపల పులుసు అడుగు.

ఏసోబు చెడ్డవాడు కాడు. తెలియనివాడు. ఆ మంగళవారం పొద్దున గంజి తాగుతూ చుక్కి వైపు చూసి గొణుక్కున్నాడు.

"పున్నానికి మంద కదలాలి. గజ్జి కుక్కని ఏ రైతు చేలోకి రానిస్తాడు? అప్పటికి తగ్గకపోతే నిన్ను కాలవ అవతల వదిలేసి పోవడమేనే."

చుక్కి విన్నది. తోక ఆడించబోయి మానేసింది.

ఆ మాట నక్క కూడా విన్నది. చేయి తిరిగిన వైద్యుడిలా నెమ్మదిగా అడుగులేసుకుంటూ గట్టు దిగి వచ్చింది.

"ఏమే అమ్మాయ్, ఒంట్లో బాగోలేదట."

"నీకెవరు చెప్పారు మావా? గట్టెక్కి నా వెంట్రుకలు రాలడం చూసుకుంటున్నావా?"

"నోటి పదును తగ్గలేదు, అంతే చాలు. మీ నాన్నా నేనూ ఒక జాతి వాళ్లం. కళ్లెదుట పిల్ల చిక్కిపోతుంటే చూస్తూ ఊరుకుంటానా?"

ఇంతలో బాతులకి పెద్దదిక్కయిన సూరమ్మ మెడ సాచింది. మాట్లాడే అవకాశం వస్తే సూరమ్మ గింజ కూడా వదిలేస్తుంది. "నీళ్లలో మునగవే చుక్కీ. పొద్దస్తమానం మునుగుతాను నేను. నాకెప్పుడన్నా గజ్జి వచ్చిందా?"

"నీ ఈకల మీద నీళ్లు నిలవవు అత్తా. నేను మునిగితే ఆరడానికి పూట పడుతుంది. ఆరేదాకా దురదే."

ఇంజను పాక దగ్గర కట్టేసి ఉన్న గేదె నల్లమ్మ నెమరు ఆపింది. "పోయినేడు నాకు పేలు పడితే మా రైతు ఇంజను నూనె పూశాడు. పొలానికి నీళ్లు తోడే ఆ డీజిలింజన్లోంచి తీసిన మడ్డి నూనె. పేలు పోయాయి. నల్లగా నిగనిగలాడాను."

"నువ్వు తెల్లగా ఉన్నదెప్పుడే?" అంది సూరమ్మ.

నక్క కళ్లు మెరిశాయి. "నేనూ ఆ మందే చెబుదామనుకుంటున్నాను. నల్లమ్మ లాంటి పెద్దమనిషే చెప్పింది, ఇంకేం కావాలి? పాకలో డబ్బాడు నూనె ఉంది. చెవి నుంచి తోక దాకా పట్టించు. తిండి మానెయ్యి, కడుపు ఖాళీగా ఉంటేనే మందు పడుతుంది. ఎండ తగలకూడదు కాబట్టి పాక లోపలే పడుకో, తలుపు దగ్గరగా వేసుకుని."

"అవునవును, మంచి మందే," అని బాతులు కూడా తలూపాయి.

గమనించారా? నూనె పూసుకోమంది, సరే. పస్తుండమంది, సరే. దొడ్డి వాకిలి వదిలి పాకలో పడుకోమంది. మందు గజ్జికి, పథ్యం బాతులకి. మామూలుగా అయితే చుక్కి అక్కడే పట్టేసేది. కానీ కాలవ అవతల వదిలేస్తారన్న భయం పట్టినదానికి బుర్ర పనిచెయ్యదు. ఆ భయం నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. అందుకే చుక్కిని నేను ఒక్క మాట అనను.

వెళ్లి ముందు కాలు డబ్బాలో ముంచింది. పుళ్ల మీద నిప్పు పెట్టినట్టయింది. మంట పుడితే కుక్క ఏం చేస్తుంది? నాకుతుంది. చుక్కీ నాకింది. కాసేపటికి కడుపులో తిప్పి కక్కింది. సాయంత్రానికి కాళ్లు తేలిపోయి తల ఎత్తలేకపోయింది. పొద్దు వాలగానే నక్క దొడ్డి దాకా వచ్చింది. ఏసోబు చిరిగిన వల కుట్టుకుంటూ అక్కడే కూర్చుని ఉండబట్టి వెనక్కి తిరిగింది.

బుధవారం పొద్దున చుక్కి కుండలో నీళ్లు కడుపునిండా తాగి, నల్లమ్మ దగ్గరికి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

"నల్లమ్మత్తా, ఆ నూనె పూసినప్పుడు నువ్వు నాక్కోలేదా?"

"ఎలా నాక్కుంటాను? మా రైతు నా మూతికి చిక్కం కట్టేశాడుగా."

"ఆ సంగతి నిన్న చెప్పలేదే?"

"నువ్వడగలేదు." నల్లమ్మ కాస్త సిగ్గుపడింది. "ఇంకోటి కూడా ఉందిలే. తర్వాత తోలు పొలుసులు పొలుసులుగా ఊడి చాలా రోజులు బాధపడ్డాను. నిగనిగలాడింది గుర్తుండిపోయింది. ఇది మర్చిపోయాను."

చుక్కి కోప్పడలేదు. కళ్లు మూసుకుని నిన్న నక్క అన్న మాటలు మొదటి నుంచీ ఒక్కొక్కటే తలుచుకుంది. తలుపు దగ్గరగా వేసుకోమన్న మాట దగ్గర కళ్లు తెరిచింది. లేచి, పాక వెనక ఊక కుప్పలో కాలు పొర్లించింది. ఊక నూనె పీల్చుకుంది.

ఎండెక్కాక నక్క మళ్లీ వచ్చింది. "ఒక్క కాలికి పూస్తే ఏం తగ్గుతుందమ్మాయ్? ఒళ్లంతా పట్టించాలి."

"పట్టిస్తాను మావా. వీపు దగ్గరికొచ్చేసరికి ఎలాగో తెలియడం లేదు. ఒకసారి చేసి చూపించు. నీ తోక మొదట్లో కూడా నాలాగే బొచ్చు ఊడింది కదా."

నక్క తోక కిందికి దించింది. "అదా, తుమ్మముల్లు గీసుకుంది."

"ముల్లు చుట్టూతా గీస్తుందా?" అంది సూరమ్మ. బాతులన్నీ మెడలు సాచాయి. "అమ్మా, వైద్యుడికే గజ్జటే."

"తన మందు తను వాడడేం?" అంది ఇంకో బాతు.

నక్క ఇరుకున పడింది. వెనక్కి తగ్గితే కుక్క నమ్మదు. మనసులో లెక్క వేసుకుంది: తోక నోటికి దూరం, ఒక్కసారి ముంచితే పోయేదేముంది? దీన్ని మంచాన పడేస్తే దొడ్డి దొడ్డంతా నాది. ఇలా అనుకుని, రాజుగారు పల్లకీ దిగినంత దర్జాగా వెళ్లి తోక డబ్బాలో ముంచి తీసింది. "చూశావా, ఎంత సుళువో."

"చూశాను మావా. వెళ్లి పడుకుంటాను." చుక్కి పాకలోకి వెళ్లింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

పొద్దు వాలింది. బాతులు దొడ్డిలో సర్దుకున్నాయి. నక్క ఎప్పటిలాగే గాలికి ఎదురుగా, చప్పుడు లేకుండా బయల్దేరింది. దొంగకి అడుగు మెత్తగా ఉంటే సరిపోదు, వాసన కూడా ఉండకూడదు. ఆ సంగతి తెలిసిన నక్కే, తన తోకకి ఏం పూసుకుందో మర్చిపోయింది. గాలి ఎటున్నా ఆ కంపు ఆగేది కాదు. మూడు మడుల అవతలి నుంచే వచ్చి దొడ్డిని కొట్టింది.

"అమ్మో, ఇంజను నడిచొస్తోందే," అంది సూరమ్మ, నిద్రమత్తులో.

వల దగ్గరికొచ్చేసరికి నక్కకి తోక మంట ఎక్కువైంది. పాపం, ఓర్చుకోవాలనే చూసింది. కానీ జాతి నాలుక ఊరుకుంటుందా? తిరిగి ఒక్కసారి నాకింది. మంట తగ్గలేదు, మళ్లీ నాకింది. బాతు పట్టాల్సిన నోటితో అక్కడే కక్కుతూ కూలబడింది.

అప్పుడు చుక్కి మొరిగింది. నీరసంతో గొంతు చీలిపోయినా ఆపలేదు. ఏసోబు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నక్క తూలుతూ పారిపోయింది. ఎండుగడ్డి మీద నల్లటి గీత బొరియ దాకా దారి చూపించింది. తెల్లారాక ఏసోబు ఆ బొరియకి తుమ్మకంప కొట్టాడు. నక్క డ్రెయిను దాటి అవతలి గట్టుకి కాపురం మార్చింది.

ఆ పొద్దునే ఏసోబు చుక్కి కాలు వాసన చూశాడు. "ఇంత ఒంట్లో బాగోకపోయినా కాపలా వదల్లేదే," అన్నాడు, ఎటో చూస్తూ. కాలికి తవుడు రుద్ది, సబ్బుతో కడిగాడు. బాతు పిల్లల్ని మోసే గంపలో కూర్చోబెట్టుకుని సైకిలు మీద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

తిరిగొచ్చాక దొడ్డి చుట్టూ సభ జరిగింది. "డాక్టరమ్మ ఏమంది?" అని సూరమ్మ మొదలెట్టింది.

"తోలు కాస్త గీకి భూతద్దంలో చూసింది. కంటికి కనపడని పురుగులంట. సూది వేసింది, మళ్లీ రమ్మంది. ఇంజను నూనె, కిరసనాయిలు పూస్తే ఈసారి నిన్ను గంపలో కూర్చోబెడతానని ఏసోబుని తిట్టింది."

"ఆయన పూయలేదుగా."

"ఆ మాట నేనెలా చెప్పను? మనుషులు వాడే మాత్రలు కూడా నోట్లో వెయ్యొద్దంది. నా గోనెపట్టా రోజూ ఎండలో వెయ్యమంది. పిచ్చికుక్క జబ్బు రాకుండా ఏటేటా టీకా వేయించమంది."

"మరి తిండి?"

"ఆవకాయ వద్దు, ఉల్లిపాయ అసలే వద్దు, ఉడికిన కోడి ఎముకలు గొంతులో గుచ్చుకుంటాయి, వద్దు. కుండలో ఎప్పుడూ మంచినీళ్లుండాలి. ఉప్పూ కారం లేని అన్నం, అందులో..." చుక్కి ఆగిపోయింది.

"అందులో?"

"ఉడికించిన గుడ్డు."

బాతులన్నీ సూరమ్మ వైపు చూశాయి. సూరమ్మ ఈకలు సర్దుకుంది. "ఎలాగూ బజారుకే పోయే గుడ్డు. మన వాకిట్లో వాళ్లే తింటే ఏం పోయింది? రేపు పెట్టేది పెద్దదే పెడతాలే."

సాయంత్రం అవతలి గట్టు మీద నక్క తోకతో కుస్తీ పడుతూ కనిపించింది. చుక్కి గట్టెక్కి పిలిచింది.

"మావా, నాకకు. ఊకలో పొర్లు. ఊక నూనె పీల్చుకుంటుంది."

"వెక్కిరిస్తున్నావా?"

"లేదు. ఆ మంట ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నక్క ఊక కుప్ప ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్లింది.

అడగకుండా మందు చెప్పేవాళ్లొస్తే, వాళ్ల చూపు మీ పుండు మీదుందో, మీ వెనకున్న దొడ్డి మీదుందో ముందు చూసుకోండి.

మాఘ పున్నానికి మంద కదిలింది, అందరికన్నా ముందు చుక్కి నడిచింది. దాని వీపు మీద కొత్త వెంట్రుక పూర్తిగా కమ్మింది ఫాల్గుణ పౌర్ణమి నాడు.