పాపరాజు గారి గడప

దమ్మున్నవాళ్ళు మధ్యలో లేచి "అబద్ధం" అనండి. అక్కడికక్కడ ఈ మీసం గొరిగించి మీ చేతిలో పెడతాను. గోదావరికి అటూ ఇటూ ఈ కథ చెప్పాను. ఇంతవరకు అన్నవాడు లేడు.

మా గురువు యోగయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. ఆకులు చేతిలో పెట్టేవారు. విస్తరి మనమే కుట్టుకోవాలి. ఆయన శిష్యుల్లో నా అంతటివాడు లేడన్న సంగతి లోకానికి తెలుసు గనక వదిలేద్దాం. నా తరవాతివాడు వీరభద్రుడు. బొత్తిగా కుదురు లేని మనిషి. అన్నం ముందు కూర్చుంటే జపం గుర్తొచ్చేది, జపంలో కూర్చుంటే రేవులో పడవ గుర్తొచ్చేది. ఒక ఉదయం మూట చంకన పెట్టుకుని వచ్చి, ఆశ్రమం గడప మీదే నిలబడి అడిగాడు.

"స్వామీ, వేళకి లేవాలి, వేళకి తినాలి, ఇది అనకూడదు, అటు పోకూడదు. హద్దుల్లేని మనసుకి ఇన్ని అడ్డులెందుకు? చెబితే ఉంటాను. లేదంటే రేవులో పడవ సిద్ధంగా ఉంది."

గురువు గారు దీపానికి వత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "కొండేపూడి లోగిలి చూశావా?" అన్నారు.

వాడు చూడలేదు. నేను చూశాను. నవాబుల నాటి ఇల్లు. ఏడు వాకిళ్ళు ఒకదాని వెనక ఒకటి సూటిగా ఉంటాయి. వీధిలో నిలబడి కన్నేస్తే పెరట్లో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. మన్యం టేకు స్తంభాలు. ఒక్కొక్కదాన్ని కావలించుకోవాలంటే ముగ్గురు కావాలి. నేను ఒక్కణ్ణే కావలించుకున్నాను, చేతులు ఇంకా మిగిలాయి. మండువాలోకి నాలుగు చూరుల నుంచీ వాన దూకితే, ఆ హోరు విని సముద్రం కాసేపు నోరు మూసుకునేది. ప్రతి వాకిలికీ మోకాలెత్తు గడప. కట్టించిన పెద్దరాజు గారి నియమం ఒక్కటే: ఎంతటివాడైనా వీధిగడప దగ్గర దిగి, కాలెత్తి లోపలికి నడవాలి.

ఇక గురువు గారు చెప్పింది ఇది.

పెద్దరాజు గారి మనవడు పాపరాజు గారికి నవాబు పల్లకీ మర్యాద ఇచ్చాడు. పల్లకీ ఎక్కినవాడు ఇంటి ముందు దిగడమేమిటి, మండువాలో ఊయలబల్ల దాకా అలాగే పోవాలని ఆయన పట్టుదల. గడపలు దాటలేక బోయీలు తూలారు. పల్లకీ ఒరిగి తలపాగా జారింది. "కోసిపారేయండి" అన్నారు. ఏడు గడపలూ రంపం పాలయ్యాయి.

"రేపు శుక్రవారం. పసుపు దేనికి రాయమంటారండీ?" అంది భార్య సీతయ్యమ్మ గారు.

"గోడకి రాయి."

అది మొదలు ఆ ఇంట్లో ఏదీ కుదురుగా లేదు. వీధిలో లేచిన దుమ్ము పడకగదిలో వాలేది. వీధికుక్కలు వంటింటి గుండా పెరట్లోకి పోయేవి. ఊయలబల్ల మీద కూర్చున్న పాపరాజు గారు ఎవరో వచ్చారని లేచేవారు, ఎవరూ లేరని కూర్చునేవారు, మళ్ళీ లేచేవారు.

ఇంతలో అమ్మవారి జాతర వచ్చింది. అమ్మవారి గరగ కుండని తలకెత్తుకుని ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు; ప్రతి గడప దగ్గరా గరగ ఆగుతుంది, ఇల్లాలు మోసేవాడి కాళ్ళు కడుగుతుంది. ఆ ఇంట ఒక్కగానొక్క కూతురు జ్వరంతో మంచాన ఉంది. సీతయ్యమ్మ గారు మొక్కుకుని, పసుపునీళ్ళ చెంబుతో వాకిట్లో నిలబడింది.

గరగ వచ్చింది. ఆగలేదు! డప్పులతో మొదటి వాకిలి దూరింది, రెండోది దూరింది, మండువా తొక్కుకుంటూ పోయింది. వెనకాల పదివేల మంది జనం. ఊళ్ళో ఉన్నదే మూడొందల మంది అంటారా? మీకు జాతర సంగతి తెలియదు. అందరూ పెరటి తలుపులోంచి బయటపడి అవతలి వీధి పట్టారు. సీతయ్యమ్మ గారి చెంబులో నీళ్ళు చెంబులోనే ఉన్నాయి.

పాపరాజు గారు పరుగెత్తి గరగ మోసే గంగులుకి అడ్డం నిలబడ్డారు. "ఏరా, నా ఇల్లు కనిపించలేదా?"

"ఇల్లాండి? ఆయ్, సందనుకున్నామండి బాబూ! గడపంటూ ఉంటే కదండీ అమ్మ ఆగేది."

"వెనక్కి తిప్పు. లోపల బిడ్డ ఉందిరా."

"తిప్పుతానండి. ఎక్కడ ఆగమంటారు?"

పాపరాజు గారు తిరిగి వచ్చి, తలపాగా తీసి పక్కన పెట్టి, జరీ అంగీతోనే వీధివాకిలికి అడ్డంగా బోర్లా పడుకున్నారు. గరగ ఆయన దగ్గరికి వచ్చి ఆగింది. సీతయ్యమ్మ గారు గంగులు కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసింది. సగం భర్త వీపు మీద పడ్డాయి. ఆయన కదలలేదు.

పిల్ల లేచిందా అంటారా? లేవకపోతే, ఆవిడ మునిమనవణ్ణి కుస్తీలో నేనెలా పడగొట్టాను? గడపలు మళ్ళీ పెట్టించారు, పాతవాటికంటే బెత్తెడు ఎత్తున.

గురువు గారు అంతటితో ఆపేశారు. వీరభద్రుడు మూట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు.

"అయితే నన్ను ఉండమంటారా, పొమ్మంటారా?"

గురువు గారు వత్తి నూనెలో ముంచారు.

"గడప మీద నిలబడకు నాయనా."

ఇదీ జరిగింది. నమ్మకం లేదూ? వాడి చేతిలో మూట అందుకుని, లోపల చిలక్కొయ్యకి తగిలించింది మా వంటావిడ గున్నమ్మ. రేవు పక్క వీధిలో ఇంకా ఉంది. వెళ్ళి అడగండి, గున్నమ్మని.