చేతిలో పడని నీళ్ళు

ఒకానొక కొండవార రాజ్యంలో త్రిభువనవర్మ అనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. పోనివ్వండి, రాజు పేరు గుర్తుంది, కథకు అది చాలు.

ఆ రాజుకు దానాలంటే మహా ఇష్టం. చేయడం కన్నా, చేశాడని పదిమందీ చెప్పుకోవడం ఇంకా ఇష్టం. నిండు సభలో బంగారు చెంబుతో నీళ్ళు ధారపోసేవాడు. వందిమాగధులు పొగిడేవారు. నాలుగు రోజుల్లో దానం సంగతి చెక్కిన రాయి ఒకటి లేచేది. అయితే దానం చేసిన ఇంటి తాళంచెవీ, తోట తాళంచెవీ రాజుగారి మొలకే వేలాడేవి.

"పేదవాళ్ళు, నిలుపుకోలేరు. మా దగ్గరుంటేనే భద్రం" అనేవాడు.

ఆయన నడిచి వస్తుంటే ఆ గుత్తి గలగలమనేది. ఆ చప్పుడు వినగానే జనం "దాతగారు వస్తున్నారు" అని లేచి నిలబడేవారు.

ఊరి వెలుపల రాజుగారి మామిడితోట ఒకటుండేది. దాన్ని పెంచినవాడు కూర్మన్న అనే తోటమాలి. పిల్లలు లేని మనిషి. భార్య తాయమ్మ, ఆ చెట్లు, అంతే అతని సంసారం. అతను పోయినప్పుడు రాజు సభలో లేచి, "ఆ తోటను కూర్మన్న భార్యకు దానం చేస్తున్నాం" అన్నాడు.

దానమంటే పుచ్చుకునేవారి అరచేతిలో నీళ్ళు పోయాలి. కాని తాయమ్మ మైలలో ఉంది, సభలోకి రాకూడదు. "దానికేం, పళ్ళెంలో పోస్తే సరి" అన్నాడు మంత్రి. వెండి పళ్ళెంలో ధార పడింది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి రాణిగారి తులసికోటలో పోశారు. తోట వాకిట రాయి లేచింది. ఆ పక్కనే తాళమూ పడింది. కాయలు ఎప్పటిలాగే కోటకు పోయాయి.

తాయమ్మ కంచె బయట నాలుగు తాటాకుల పాక వేసుకుని ఉండసాగింది.

ఒక సాయంత్రం గుండన ఆ దారిన వస్తున్నాడు. గుండన రాజుగారి ఆస్థానంలో మాటకారి. కంచె పట్టుకుని లోపలికి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్న ముసలమ్మను చూసి ఆగాడు.

"ఎవరితో అమ్మా మాటలు? లోపల ఎవరూ లేరుగా?"

"లేకపోవడమేంటి బాబూ! అదిగో, అది అలకమ్మ. ఏడాది కాస్తుంది, ఏడాది మూతి ముడుచుకుంటుంది. ఆ పక్కవాడు దొంగోడు, కాయలన్నీ ఆకుల చాటున దాస్తాడు. మా ఆయన ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టాడు."

"ఆ మూలది?"

తాయమ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు. కంచెను గట్టిగా పట్టుకుంది.

"మొన్నటిదాకా వచ్చేది బాబూ" అంది. "ఇక్కణ్ణించి కొమ్మల చివరలే కనిపిస్తాయి. మాను తడిమితే గుర్తొస్తుంది, ఆయన కత్తి గాటు ఎక్కడుందో నా చేతికి తెలుసు. రోజూ పేర్లు చెప్పుకుంటూనే ఉన్నాను. అయినా ఒక్కొక్కటే జారిపోతున్నాయి. నేను కూడా మరిచిపోతే, ఆయన పెట్టిన పేర్లు ఇంకెవరికి తెలుసు?"

గుండన రాతివంక చూశాడు, తాళంవంక చూశాడు. "ఈ తోట నీదేనటగా?" అన్నాడు.

"అంటున్నారు బాబూ. కాపలావాడు కూడా అదే అంటాడు. 'దానం అయిపోయిందే అవ్వా, రాతి మీద ఉంది, ఇంకేం కావాలి' అని."

గుండన తలపాగా సవరించుకుని వెళ్ళిపోయాడు.

మండువేసవిలో రాజు వేటకు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు గుండన నీళ్ళ కావడివాళ్ళను పెద్దబాటన పంపి, రాజును అడ్డదారిన తెచ్చాడు. మిట్టమధ్యాహ్నానికి మామిడితోట వాకిటికి చేరారు. రాజుకు నాలుక పిడచకట్టుకుపోయింది. తన శాసనం రాతికే ఆనుకుని చతికిలబడ్డాడు.

"గుండనా, నీళ్ళు!"

గుండన తాయమ్మ దగ్గరున్న చిన్న ముంత అడిగి తెచ్చాడు. సామానులోంచి వెండి పళ్ళెం తీయించి రాజు ముందు పెట్టాడు. "శ్రీశ్రీశ్రీ త్రిభువనవర్మ మహారాజులవారికి ఈ చల్లని నీళ్ళు సమర్పిస్తున్నాను" అంటూ పళ్ళెంలోకి ధారపోశాడు. రాజు చేయి చాచేలోపే పళ్ళెం ఎత్తి, రాతి మొదట్లో ఒంపేశాడు.

"ఒరేయ్! ఏమిటిది?"

"తమకు నీళ్ళిచ్చాను మహారాజా."

"ఎక్కడిచ్చావురా? నా గొంతు ఎండిపోతుంటే!"

"నలుగురి ముందూ తమ పేరు చెప్పి పోశాను కదా మహారాజా! కావలిస్తే రేపు రాతి మీద కూడా చెక్కిస్తాను, గుండన మహారాజుగారి దాహం తీర్చెను అని."

"రాయి తాగుతానా నేను? చేతిలో పోయవోయ్! చేతిలో పడకుండా ఇచ్చానంటే అయిపోతుందా?"

గుండన చేతులు కట్టుకున్నాడు. "ఆ మాటే ఈ తాయమ్మ కూడా అనాలని చూస్తోంది మహారాజా. ఆమెకు నోరు పెగలడం లేదు."

రాజు రాతివంక చూశాడు. తన పేరే, పెద్ద అక్షరాల్లో. దాని పక్కన తాళం. మొలకు వేలాడుతున్న గుత్తి ఆయన కదలకపోయినా గలగలమన్నట్టయింది.

రాజు గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి తాయమ్మ వైపు విసిరాడు. అది దుమ్ములో పడింది.

"అలా కాదు మహారాజా" అన్నాడు గుండన. "ముంతలో ఒక్క గుక్క మిగిలింది. తమరు తాగినా సరే, ఆమె చేతిలో పోసినా సరే."

రాజు ముంత అందుకున్నాడు. పెదవులు తడుపుకున్నాడు, నాలుకతోనే. తర్వాత లేచి వెళ్ళి, తాయమ్మ అరచేతిలో ఆ నీళ్ళు పోశాడు. వంగి దుమ్ములోంచి తాళంచెవి ఏరి, పంచెకు తుడిచి, తడిచేతిలో పెట్టాడు.

"అమ్మా, పుచ్చుకుంటున్నావా?" అని అడిగాడు గుండన.

"రాజు ఇస్తే వద్దనేవాళ్ళుంటారా?" అన్నాడు రాజు.

"అడగాలి మహారాజా. ఇచ్చేవాడు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు ఔననాలి, వస్తువు చేయి మారాలి. అందులో ఏది తక్కువైనా అది దానం కాదు, ఉత్త మాట."

తాయమ్మ గుప్పిట మూసింది. "పుచ్చుకున్నాను బాబూ" అంది. నోటి మాట చాలా చిన్నగా వచ్చింది.

తాళం తెరుచుకుంది. రాజు అలవాటుగా ముందడుగు వేయబోయి, గడప దగ్గర ఆగాడు. "లోపలికి రావచ్చునా తాయమ్మా?"

"రండి బాబూ. బావి నిండుగా ఉంది."

దోసిలి పట్టి కడుపునిండా తాగాక రాజుకు నవ్వు వచ్చింది. ముందు ముసిముసిగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గుత్తి మొత్తం విప్పి గుండనకు ఇచ్చాడు. "ఎవరివి వాళ్ళ చేతుల్లో పెట్టిరా. ఇక నీకు ఇది" అని వేలి ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టాడు. "పుచ్చుకున్నావా?"

"ఎప్పుడో పుచ్చుకున్నాను మహారాజా. తమరు వేళ్ళు వదిలితే దానం పూర్తవుతుంది."

రాజు ఇంకా గట్టిగా నవ్వి వేళ్ళు వదిలాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక తాయమ్మ తలుపు దగ్గరికి వేసుకుంది. ఒక్కతే నడుచుకుంటూ మూలనున్న చెట్టు దగ్గరికి వెళ్ళింది. మాను మీద చేయి వేసి, కిందికీ పైకీ తడిమింది. గాటు దొరికింది. అక్కడే నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత పేరు పెట్టి పిలిచింది.

ఆ పేరేమిటని మీరడుగుతారు. నేను మరిచిపోయాననుకోకండి. ఆ చెట్టుకు తప్ప ఆవిడ ఎవరికీ చెప్పలేదు.