గోరింట చదవని పుస్తకం

అనగనగా ఒక అడవిలో పులులున్నాయి, జింకలున్నాయి, అన్ని అడవుల్లోనూ ఉండేవే ఉన్నాయి. కానీ మరే అడవిలోనూ లేనిది ఒకటి అక్కడ ఉంది. ఏమిటో చెప్పుకోండి పిల్లలూ! గ్రంథాలయం!

కొండవాలులో వాన తగలని ఒక గుహ. గుహ గోడల నిండా అరలు. అరల నిండా తాటాకు పుస్తకాలు. ఎవరికి ఏ కథ తోస్తే అది ఆకుల మీద గీకి, దారం గుచ్చి అక్కడ పెట్టేవాళ్ళు. కావలసినవాళ్ళు తీసుకెళ్ళి చదువుకుని, మళ్ళీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ పుస్తకాలను కాచుకునేది ముళ్ళపంది తాత. రాయడానికి ముల్లు కావాలని ఎవరైనా అడిగితే, తన వీపు మీదిదే ఒకటి పీకి ఇచ్చేంత మంచివాడు.

ఆ గుహకు తరచూ వచ్చేవాళ్ళలో గోరింట అనే ముంగిస ఒకతి. ఆమె పండితురాలేమీ కాదు. ఊరికే పొద్దుపోవడానికి చదివేది. నేరేడు చెట్టు కింద వెల్లకిలా పడుకుని, ఒక పండు నోట్లో వేసుకోవడం, ఒక ఆకు తిప్పడం. అంతే ఆమె చదువు. కానీ చదివినదాని గురించి చెప్పడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. సాయంత్రం జంతువులన్నీ నీళ్ళ కోసం వాగు దగ్గరికి చేరేవి. గోరింట అక్కడ ఒక బండ ఎక్కి కూర్చునేది.

"ఏం గోరింటా, ఈసారి ఏం చదివావు?" అని నక్క అడిగింది ఒకరోజు.

"సముద్రం చూడాలనుకున్న చేప కథ చదివాను. చింతచిగురు పప్పులా ఉందనుకో! అయిపోయాక కూడా నాలుక మీద పులుపు పోలేదు. తప్పకుండా చదవండి" అంది గోరింట.

మర్నాడు ఆ పుస్తకం కోసం గుహ ముందు పెద్ద వరస.

ఇంకోసారి ఏనుగు రాసిన పుస్తకం చదివింది. అడవిలోని గడ్డి రకాల గురించి ఏనుగు రాసిన లావుపాటి పుస్తకం అది.

"నమిలినకొద్దీ నమలాల్సిందే, బాబోయ్! మధ్యలో నాకు రెండుసార్లు కునుకు పట్టింది. అయినా చివరిదాకా చదివితే కడుపు నిండుతుంది. తొందరలో ఉన్నవాళ్ళు మాత్రం దాని జోలికి పోకండి" అంది గోరింట.

అక్కడే నీళ్ళు తాగుతున్న ఏనుగు తొండం ఎత్తి ఘీంకరించి నవ్వింది. "నిజమేనమ్మా! రాస్తూ రాస్తూ నేనూ నిద్రపోయాను" అంది. అందరూ నవ్వారు.

ఇలా గోరింట మాటకు అడవిలో విలువ పెరిగింది. ఆమె బాగుందంటే ఆ పుస్తకం అరలో నిలిచేది కాదు. బాగాలేదంటే దానికి దుమ్ము పట్టేది.

అలాంటి రోజుల్లో గోరింట ఒక సన్నని పుస్తకం తెచ్చుకుంది. దాని పేరు 'కొంగ గూడు'. రాసినవాళ్ళ పేరు లేదు. వరద నీళ్ళు గూడులోని గుడ్డును ఈడ్చుకుపోతే, కొంగ ఏడుస్తుంది. మొదటి ఆకులో ఏడుపు. రెండో ఆకులో ఏడుపు. మూడో ఆకులోనూ ఏడుపే. ఆ పూట ఎండ హాయిగా ఉంది. నేరేడు పళ్ళు తియ్యగా ఉన్నాయి. గోరింట పుస్తకం మొహం మీద బోర్లించుకుని గుర్రు పెట్టింది. లేచేసరికి సాయంత్రం. పరుగు పరుగున వాగు దగ్గరికి వెళ్ళింది.

"ఏం గోరింటా, ఆ కొంగ పుస్తకం ఎలా ఉంది?" అని నక్క అడిగింది.

'ఇంకా చదవలేదు' అంటే అయిపోయేది. ఆ మాట గోరింట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. చెవులు రిక్కించి, నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళను ఉత్త చేతులతో పంపడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఏముందందులో? ఉప్పు వేయని గంజి! అంతా ఏడుపే. పుస్తకం పిండితే కడివెడు కన్నీళ్ళు వస్తాయి. దాహమైనవాళ్ళు తీసుకెళ్ళండి!" అంది.

వాగు గట్టు నవ్వులతో దద్దరిల్లింది. అడవిపంది బురదలో పొర్లి పొర్లి నవ్వింది.

ఇద్దరు మాత్రం నవ్వలేదు. ఒకరు గవరమ్మ అనే కొండముచ్చు. ఆ వేసవిలోనే జ్వరం తగిలి ఆమె చంటిపిల్ల చనిపోయింది. అప్పటినుంచీ గవరమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆమె గుంపు చివర నుంచి మెల్లగా తన మద్ది చెట్టు వైపు వెళ్ళిపోయింది. రెండోవాడు కూర్మయ్య అనే తాబేలు. ఆయన రెల్లు దుబ్బుల చాటున తల డొప్పలోకి లాక్కున్నాడు. గవరమ్మ వెళ్ళడం గోరింట చూసింది గానీ పట్టించుకోలేదు. కూర్మయ్యను చూడనేలేదు.

మర్నాడు పుస్తకం తిరిగి ఇద్దామని గోరింట గుహ దగ్గరికి వెళ్ళింది. లోపలి నుంచి మాటలు వినిపించాయి. గుమ్మం పక్కనే ఆగిపోయింది.

"ఆ కొంగ పుస్తకం నాకిచ్చేయ్ అన్నా. వాగులో వదిలేస్తాను" అంటున్నాడు కూర్మయ్య.

"ఎందుకయ్యా? ఎంత కష్టపడి రాశావు!" అన్నాడు ముళ్ళపంది తాత.

"నిన్న సాయంత్రం విన్నాను. అందరూ నవ్వుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. నాకు రాయడం చేతకాలేదు, అంతే."

"రాసింది నువ్వు. వద్దనడానికి నేనెవర్ని? పుస్తకం గోరింట దగ్గరుంది. తేగానే ఇస్తాను. రేపు రా."

కూర్మయ్య ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ బయటికి వచ్చాడు. గోరింట చప్పున రాయి వెనక దాక్కుంది. ఆ చిన్న ముసలి తాబేలు వాలు దిగి కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూ ఉండిపోయింది. పుస్తకాలు రాసేవాళ్ళు వాగు గట్టునే ఉంటారని, వాళ్ళకూ చెవులుంటాయని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

లోపలికి వెళ్ళగానే తాత అన్నాడు. "వచ్చావా తల్లీ. ఈ పుస్తకం నువ్వు ఇవ్వగానే గవరమ్మకు ఇద్దామనుకున్నాను. పొద్దున్నే అడిగాను. 'నా ఏడుపు నాకు చాలదా, ఇంకా పుస్తకం చూసి కూడా ఏడవాలా?' అని వెళ్ళిపోయింది."

గోరింట తల వంచుకుంది.

"ఒక్క మాట చెప్పు. చివర్లో ఆ కొంగ ఏమైంది?" అని అడిగాడు తాత.

గోరింట ఇవ్వబోయిన పుస్తకాన్ని మళ్ళీ వెనక్కి తీసుకుంది. తాత రెట్టించలేదు. తన అరలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంతలో బయట జోరున వాన అందుకుంది. ఎటూ కదలడానికి లేదు. గోరింట గుహ గుమ్మంలో కూర్చుని పుస్తకం విప్పింది. ఈసారి పళ్ళు లేవు. పడక లేదు. నాలుగో ఆకు నుంచి మొదలుపెట్టబోయి, మనసొప్పక మళ్ళీ మొదటి నుంచే చదివింది.

గుడ్డు పోయిన కొంగ ఖాళీ గూడు మీదే పొదుగుతూ కూర్చుంది. బాతు వచ్చి, "పోనీలే, మళ్ళీ గుడ్లు పెడతావుగా" అంది. కొంగ మొహం తిప్పుకుంది. లకుముకిపిట్ట వచ్చి, "ఏడిస్తే పోయింది తిరిగొస్తుందా?" అంది. కొంగ రెక్కలో తల దాచుకుంది. ఆ తర్వాత ఒక కప్ప వచ్చింది. ఏమీ అనలేదు. పక్కన కూర్చుంది. వాన వచ్చినా కూర్చుంది. ఎండ వచ్చినా కూర్చుంది. ఒకనాడు కొంగ తనంతట తనే, "నా గుడ్డు మీద లేత నీలం మచ్చ ఒకటి ఉండేది" అంది. "ఎక్కడ?" అని అడిగింది కప్ప. అంతే కథ.

గోరింట చివరి ఆకు మూసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "గంజి అన్నానే! దీన్ని పట్టుకుని గంజి అన్నానే!" అని తనలో తనే గొణుక్కుంది.

వాన వెలిసింది. సాయంత్రం వాగు దగ్గర అందరూ చేరారు. కూర్మయ్య కూడా రెల్లు దుబ్బుల దగ్గర ఉన్నాడు. గోరింట బండ ఎక్కింది. ఎప్పుడూ తడబడని గొంతు ఆవేళ తడబడింది.

"నిన్న నేను కొంగ పుస్తకం గురించి చెప్పింది అబద్ధం. నేను చదివింది మూడు ఆకులే. మిమ్మల్ని నవ్వించాలని నోటికొచ్చింది అన్నాను. ఇవాళ మొత్తం చదివాను. అది మంచి పుస్తకం."

నక్క కళ్ళు చిన్నవి చేసుకుని అడిగింది. "అయితే ఇన్నాళ్ళూ చెప్పినవి కూడా ఇలాంటివేనా?"

"కాదు. అవన్నీ చదివే చెప్పాను. కానీ ఇప్పుడు నువ్వు నమ్మకపోతే, నిన్ను తప్పు పట్టలేను" అంది గోరింట.

నక్క తోక విదిలించి వెళ్ళిపోయింది. దాని వెనకే మరికొందరు వెళ్ళిపోయారు. గోరింటకు మొహం చెల్లలేదు. అయినా పుస్తకం నోట కరచుకుని గవరమ్మ ఉండే మద్ది చెట్టు దగ్గరికి వెళ్ళింది. పైకొమ్మ మీద గవరమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"గవరమ్మక్కా! నేను చదవకుండా కూసిన కూత నీ చెవిన పడింది. క్షమించు. ఈ పుస్తకం నీకు చదివి వినిపిస్తాను. నచ్చకపోతే ఒక పుల్ల విరిచి నా మీద వేయి. ఆపేస్తాను" అంది గోరింట.

గోరింట చదవడం మొదలుపెట్టింది. కథలో బాతు వచ్చేసరికి గవరమ్మ పైకొమ్మ నుంచి నడిమికొమ్మకు దిగింది. లకుముకిపిట్ట మాట దగ్గర కిందికొమ్మకు దిగింది. కప్ప వచ్చి కూర్చునేసరికి, నేల మీదికి దిగి గోరింట పక్కనే కూర్చుంది. పుల్ల మాత్రం పడలేదు.

చదవడం పూర్తయ్యేసరికి కూర్మయ్య కూడా అక్కడికి చేరుకున్నాడు. గోరింట వెంటే బయలుదేరాడు గానీ, తాబేలు నడక కదా!

గోరింట లేచి నిలబడింది. "కూర్మయ్య మావా! నీ పుస్తకాన్ని చదవకుండా నవ్వులపాలు చేశాను. తప్పు నాదే. ఇవాళ గుహలో నీ మాటలు విన్నాను. దాన్ని వాగులో వేయకు" అంది.

"నచ్చిందా తల్లీ?" అని అడిగాడు కూర్మయ్య. ఆ గొంతులో ఎంత ఆశో, అంత భయం.

గోరింట ఒక్క క్షణం ఆలోచించింది. ఇక ఈయన దగ్గర పొల్లు మాట చెప్పకూడదనుకుంది. "నచ్చింది. ఏడ్చాను కూడా. కానీ ఒక్కటి నమ్మలేకపోయాను మావా. కప్ప కనబడితే కొంగ గుటుక్కున మింగదూ? అంత దగ్గరగా, అంత ధైర్యంగా ఎలా కూర్చుంది?"

కూర్మయ్య కప్ప వచ్చే ఆకు తిప్పి చూశాడు.

"బిడ్డ పోయిన తల్లికి ఆకలేస్తుందా?"

ఆ మాట అన్నది గవరమ్మ. వేసవి నుంచీ ఆమె నోట బిడ్డ మాట రావడం అదే మొదటిసారి. "కొంగకు ఆకలి లేదు. కప్పకు ఆ సంగతి తెలిసింది. అందుకే దగ్గరికి రాగలిగింది" అంది.

కూర్మయ్య కళ్ళు తడిశాయి. "ఆ మాట నాకు తట్టలేదమ్మా. కప్పను ఊరికే కూర్చోబెట్టేశాను. నువ్వన్న మాట రాసి చేరుస్తాను" అన్నాడు.

"చేర్చు మావా. అది ఉంటే నేనలా అడిగేదాన్నే కాదు" అంది గోరింట.

గవరమ్మ పుస్తకాన్ని చేత్తో తడిమింది. తర్వాత మెల్లగా, "మా చంటిదానికి కుడిచెవి కాస్త మడత పడి ఉండేది" అంది.

గోరింట ఏమీ అనలేదు. ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది. చీకటి పడేదాకా గవరమ్మ చెబుతూనే ఉంది. గోరింట, కూర్మయ్య వింటూనే ఉన్నారు.

కూర్మయ్య పుస్తకం వాగులో పడలేదు. కొత్త ఆకుతో మళ్ళీ అరలోకి చేరింది. నక్క మాత్రం చాలాకాలం గోరింటను ఏ పుస్తకం గురించీ అడగలేదు. గోరింట దానికి నొచ్చుకోలేదు. చదివింది చదివానంది. చదవంది చదవలేదంది.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గవరమ్మ నేరేడు చెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"గోరింటా, ఈసారి నవ్వొచ్చే పుస్తకం ఏదైనా ఉంటే చెప్పు" అంది.

గోరింట ఉలిక్కిపడి లేచి కూర్చుంది. సంతోషంగా చేతిలోని పుస్తకం చూపించింది.

"ఇదుగో, ఇది నవ్విస్తోందక్కా. కానీ నేను సగమే చదివాను. మిగతా సగం ఎలా ఉంటుందో నాకూ తెలీదు."

"అయితే జరుగు" అంది గవరమ్మ. పక్కనే కూర్చుని, ఆకు తిప్పింది.

నీతి: చదివి చెప్పిన మాట కటువుగా ఉన్నా మేలే చేస్తుంది. చదవకుండా అన్న మాట నలుగురిని నవ్వించినా, ఎవరో ఒకరిని గాయపరుస్తుంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు.