స్వర్ణహంస ఎక్కని సింగారమ్మ

అనగనగా, జనం తెరచాపల రాకపోకలు చూసి కాలం తెలుసుకునే రోజుల్లో, తూర్పు తీరాన మువ్వలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో పైడయ్య అనే కంచరి బిందెలూ గంటలూ చేసి అమ్ముకుంటూ బతికేవాడు. అతని భార్య సింగారమ్మ. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆమె నవ్విందంటే వీధి చివరి కాకులు కూడా లేచి ఎగిరేవి.

ఏటా వానలు వెనకబట్టాక ఆ రేవుకు స్వర్ణహంస అనే విలాసనౌక వచ్చేది. దాని యజమాని రత్నాకర శెట్టి. ఓడ ముక్కుకు బంగారు పూత, గదుల్లో పట్టుపరుపులు, పొద్దుటా సాయంత్రమూ వీణాగానం. దీవులన్నీ చుట్టి, దక్షిణాన ఉన్న ముత్యాలపేట దాకా వెళ్ళి తిరిగి వచ్చేది.

ఆ ముత్యాలపేటలోనే సింగారమ్మ చెల్లెలు నీలాలు కాపురం ఉంటోంది. పెళ్ళయి వెళ్ళిన నాటి నుంచి అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

పెళ్ళైన కొత్తలో పైడయ్య భార్యకు మాట ఇచ్చాడు. "సింగారం, నిన్ను స్వర్ణహంసలో మహారాణిలా కూర్చోబెట్టి నీ చెల్లెలి దగ్గరికి తీసుకువెళ్తాను."

ఆ మాట నిలబెట్టుకోవాలని ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. ఓడ ప్రయాణానికి సరిపడా డబ్బు కూడింది. ఇద్దరూ కొత్తబట్టలు కట్టుకుని రేవుకు వెళ్ళారు.

"వెల పెరిగింది పైడయ్యా," అన్నాడు రత్నాకర శెట్టి. "ఈ ఏడు పైతట్టున వెండి ఊయల వేయించాను. రెట్టింపు ఇవ్వాలి."

ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. మరుసటి ఏడు ఆ రెట్టింపు కూడా కూడబెట్టుకుని వెళ్ళారు.

"వెల పెరిగింది పైడయ్యా," అన్నాడు శెట్టి. "ఈ ఏడు పన్నీటి స్నానాల గది కట్టించాను. మళ్ళీ రెట్టింపు."

సింగారమ్మ దారి పొడుగునా నవ్వుతూనే వచ్చింది. "మనం రోజూ ఉప్పుగాలిలో స్నానం చేస్తున్నాం కదయ్యా, అదేం తక్కువా?" అంది. కానీ ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. పైడయ్య ఆ చప్పిడి కూరే తిన్నాడు.

మూడో ఏడు ముత్యాలపేట మీదుగా వచ్చిన ఒక పూసలమ్మి కబురు తెచ్చింది. "నీ చెల్లెలికి నెలలు నిండుతున్నాయమ్మా. ‘అమ్మ లేదు, నాన్న లేడు, పుట్టిల్లంటే మా అక్క ఒక్కతే, ఒకసారి వచ్చి నా పక్కన కూర్చోమని చెప్పు’ అంది."

సింగారమ్మ ఆ మాట విని నవ్వలేదు. పూసలమ్మి చేతిలో బెల్లం ముక్క పెట్టి, లోపలికి వెళ్ళి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పటికి స్వర్ణహంస రేవులోకి వచ్చింది. ఈసారి తెరలకు ముత్యాలు కుట్టించారట. వెల మళ్ళీ రెట్టింపు.

పక్కింటి హేమాంబ, నూనె వర్తకుడు గవరయ్య భార్య, మొగుడితో కలిసి ఓడ ఎక్కడానికి అప్పటికే పెట్టె సర్దుకుంది. "నువ్వూ రా సింగారం," అంది గోడ మీది నుంచి. "ముత్యాలపేటకు బండి దారి కూడా ఉంది అంటావా? దుమ్ము, దోమలు, పొంగే వాగులు. నెలలు నిండిన పిల్ల దగ్గరికి నువ్వు చేరేసరికి నిన్ను చూసుకోవడానికి మరొకరు కావాలి."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే సింగారమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం పైడయ్య కొలిమి దగ్గర కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే, పక్కవీధి కమ్మరితో బేరమాడుతున్నాడు. తాతల నాటి, కొలిమి ఊదే పెద్ద తిత్తీ, లోహం పెట్టి సాగగొట్టే దాగలీ అమ్మేస్తున్నాడు.

"ఇవి అమ్మేసి రేపటి నుంచి ఏం చేస్తావు?" అంది సింగారమ్మ.

"ఎక్కడో కూలికి కుదురుతాను," అన్నాడు పైడయ్య తల దించుకుని. "మాట ఇచ్చాను కదా సింగారం. ఏటా నిన్ను రేవు దాకా తీసుకువెళ్ళి వెనక్కి తెస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది."

సింగారమ్మ కమ్మరి వైపు తిరిగి, "అన్నా, ఒక్క పూట ఆగు," అని, తిన్నగా రత్నాకర శెట్టి దగ్గరికి నడిచింది.

"శెట్టిగారూ, మీ ఓడ ముత్యాలపేటలో ఎంతసేపు ఆగుతుంది?"

మూడేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. శెట్టి కాస్త తడబడ్డాడు. "మధ్యాహ్నం ఆగుతుందమ్మా. దీపాలు పెట్టేలోపు శంఖం ఊదుతాం. శంఖం ఊదాక ఎవరికోసమూ ఆగదు."

"మరి తక్కిన రోజులన్నీ?"

"నీళ్ళ మీదే! వెండి ఊయల ఉంది, వీణాగానం ఉంది, పదహారు రకాల పిండివంటలు ఉన్నాయి."

"గొప్ప ఓడే శెట్టిగారూ," అంది సింగారమ్మ మనస్ఫూర్తిగా. "కానీ నేను చూడాల్సింది మా చెల్లెల్ని. అన్ని రోజులు ఊయలకిచ్చి, దానికి ఒక్క పూట ఇస్తే ఎలా?"

ఇంటికి వచ్చి మొగుడితో చెప్పింది. "బండి కట్టవయ్యా. తిత్తి ఇంట్లోనే ఉండనీ."

"దారి కష్టమేమో సింగారం."

"కష్టమే. అయితే ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో మన చేతిలో ఉంటుంది."

మర్నాడు స్వర్ణహంస అటు తెరచాప ఎత్తింది, ఇటు పైడయ్య బండి కదిలింది. రేవు మీది జనమంతా ఓడకేసి చేతులు ఊపారు. బండికేసి చూసి ఒక మేక అరిచింది. సింగారమ్మ దానికే చెయ్యి ఊపింది.

కొంత దూరం వెళ్ళాక ఒక పల్లె వచ్చింది. అక్కడ పెళ్ళి జరుగుతోంది గానీ ఎవరి ముఖంలోనూ కళ లేదు. పప్పు వండే పెద్ద గుండిగకు అడుగున చిల్లు పడింది. ఊరందరికీ వండే గిన్నె మరొకటి లేదు. పైడయ్య బండి దిగి, వెంట తెచ్చుకున్న చిన్న కొలిమి రాజేసి, గుండిగకు మాటు వేశాడు. నీళ్ళు పోసి చూస్తే ఒక్క చుక్క కారలేదు. పెళ్ళికూతురి తండ్రి ఆ ఇద్దరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా నెయ్యి వడ్డించాడు. వెళ్ళేటప్పుడు, "బాలింతకు మంచిది, మీ చెల్లెలికి ఇవ్వమ్మా," అని పెళ్ళికూతురి నాయనమ్మ ఒక కుండెడు పాతబెల్లం బండిలో పెట్టింది.

తరువాత ఒక వాగు అడ్డం వచ్చింది. కొండల్లో వాన పడిందేమో, ఎర్రగా పొంగుతోంది. దిగే వీలు లేదు. అదే గట్టున ఒక తోలుబొమ్మలాట బృందం కూడా చిక్కుకుపోయి ఉంది. వాగు తీసేదాకా పక్క ఊళ్ళో ఆట ఆడదామంటే, అత్తగారి బొమ్మకు మాట చెప్పే మనిషికి గొంతు పూడుకుపోయింది.

"మా ఇంటిదానికి గొంతుకేం కొదవ లేదు," అన్నాడు పైడయ్య నవ్వుతూ.

అంతే. తెర వెనక కూర్చుని సింగారమ్మ అత్తగారైపోయింది. అల్లుణ్ణి తిట్టాల్సిన చోట పైడయ్య వైపు తిరిగి తిట్టింది. "ఎంతసేపూ ఆ బిందెల్ని మోగించడమే గానీ పెళ్ళాం ఏమంటోందో వినిపిస్తుందిటయ్యా నీకు!" జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా ఎక్కువ పైడయ్యే నవ్వాడు. వాగు తీసిపోయాక బృందంవాళ్ళు తమ ఎద్దులను కూడా కట్టి బండిని అవతలి గట్టుకు చేర్చారు.

ఆ తరువాత కనుమ దారి మొదలైంది. అక్కడ మాత్రం నవ్వు ఆగిపోయింది. ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా బండిచక్రం బురదలో ఇరుసు దాకా దిగబడింది. ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. వాన మొదలైంది. ఇద్దరూ నెట్టి నెట్టి అలసిపోయారు. చేతులు దోక్కుపోయాయి.

సింగారమ్మ ఒక బండరాయి మీద కూర్చుని ఏడ్చేసింది. "హేమాంబ వదిన చెప్పింది నిజమే. ఓడలో వాళ్ళు హాయిగా ఊయల ఊగుతుంటారు. నేనిక్కడ బురదలో ఉన్నాను. నీలాలుకు నొప్పులు వచ్చేశాయో ఏమో! నేనే మంకుపట్టు పట్టి చెడగొట్టాను."

పైడయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. తన పైగుడ్డ పిండి ఆమె తల మీద కప్పాడు. అది కూడా తడిదే. అయినా కప్పాడు.

"దిగులు పడకు," అన్నాడు. "ఇంకా చేరలేదు, అంతే. చేరలేమని ఎవరు చెప్పారు?"

వాన వెలిసింది. కింద దూరంగా సముద్రం తళతళా మెరిసింది. దాని మీద స్వర్ణహంస మల్లెమొగ్గలా తేలుతూ కనబడింది. ఎంత అందంగా ఉందో!

"అందమైనదే," అంది సింగారమ్మ ముక్కు తుడుచుకుంటూ. "అయితే అది ఇంకా దీవుల చుట్టే తిరుగుతోంది. మనమే ముందున్నాం. లే, లే!"

అప్పుడే ఉప్పుబస్తాలు మోసే ఎద్దుల మందతో కొందరు వర్తకులు వెనక నుంచి వచ్చారు. సింగారమ్మ లేచి నిలబడి పిలిచిన పిలుపుకు కనుమ కనుమంతా మారుమోగింది. నలుగురూ చెయ్యి వేశారు. చక్రం పైకి లేచింది.

ముత్యాలపేట చేరేసరికి నీలాలు గుమ్మంలోనే ఉంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని దారి చూస్తోంది. బండి మీద బురద కొట్టుకుపోయిన ఆడమనిషిని చూసి మొదట గుర్తుపట్టలేదు. ఆ మనిషి నవ్వింది. చూరు మీది కాకులు లేచి ఎగిరాయి.

"అక్కా!" అని కేక పెట్టింది నీలాలు.

ఆ తరువాత ఆ ఇంట్లో మాటలు ఆగలేదు. చిన్నప్పటి మాటలు, అమ్మ మాటలు, ఎవరు ఎవరి జడ పట్టి లాగారో ఆ తగువులు. అక్క తల దువ్వుతుంటే చెల్లెలు నిద్రపోయేది. నీలాలు మొగుడు ఓబన్న మగ్గం దగ్గర కూర్చుని, "మా ఆవిడ ఇంత మాట్లాడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు అన్నా," అని పైడయ్యతో అన్నాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం స్వర్ణహంస వచ్చి రేవులో ఆగింది. హేమాంబ సింగారమ్మను వెతుక్కుంటూ ఆ ఇంటికి వచ్చింది.

"ఎలా ఉంది వదినా ఓడ?" అంది సింగారమ్మ ఆత్రంగా.

"అబద్ధం ఎందుకు చెప్పాలి, తిండి మాత్రం అమృతమే," అంది హేమాంబ. చాప మీద కూలబడి కాళ్ళు చాపుకుంది. "కానీ ఊయల ఎక్కితే వేరే వెల. పన్నీరు చల్లితే వేరే వెల. పోనీలే, ఇచ్చుకున్నాం. ఎన్ని ఊళ్ళు చూపించారో! ఏ ఊళ్ళోనూ ఒక గుమ్మం ఎక్కింది లేదు. ఎవరితోనైనా మాట కలిపేలోపు శంఖం ఊదేస్తారు. ఇలా చాప మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో సింగారం!"

ఆ మాట పూర్తి కాకముందే నీలాలు గోడ పట్టుకుంది. నొప్పులు మొదలయ్యాయి.

ఓబన్న మంత్రసాని కోసం పరుగెత్తాడు. పైడయ్య పొయ్యి రాజేశాడు. సింగారమ్మ చెల్లెలిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. హేమాంబ ఎవరూ చెప్పకుండానే కొంగు బిగించి వేడినీళ్ళు మోయడం మొదలుపెట్టింది.

పొద్దు వాలింది. రేవు నుంచి శంఖం వినిపించింది. గవరయ్య ఆయాసపడుతూ వీధిలోకి వచ్చాడు. "హేమా! ఓడ కదులుతోంది! రా!"

హేమాంబ వేడినీళ్ళ బిందెతో గుమ్మంలో నిలబడి మొగుణ్ణి చూసింది. లోపల నీలాలు, "అక్కా, వెళ్ళకు," అంటోంది. "నేనెక్కడికి వెళ్తానే, ఇక్కడే ఉన్నాను," అంటోంది సింగారమ్మ.

"పొమ్మనండి ఓడని," అంది హేమాంబ. "మీరొచ్చి ఆ కట్టెలు చీల్చండి."

శంఖం రెండోసారి మోగింది. మూడోసారి కూడా మోగింది. ఆ మూడో మోత ఆగీ ఆగకముందే ఇంట్లోంచి కెవ్వుమని పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల! శంఖాన్ని మించిన గొంతు!

"పెద్దమ్మ పోలికే," అన్నాడు పైడయ్య. అందరూ ఒక్కసారిగా నవ్వారు. నీలాలు కూడా, కళ్ళనీళ్ళతో నవ్వింది.

పురుడు వెళ్ళి, బిడ్డను ఉయ్యాలలో వేసి, చెల్లెలు లేచి తిరిగేదాకా సింగారమ్మ అక్కడే ఉంది. ఎవరూ ఆమెను పిలవలేదు, తొందరపెట్టలేదు. ఆ తరువాతే బండి కట్టారు. తిరుగు దారిలో బండిలో నలుగురు. ప్రతి ఊళ్ళోనూ ఆగుదామని పేచీ పెట్టింది మాత్రం హేమాంబే.

అందుకే పిల్లలూ, ప్రయాణం కట్టేటప్పుడు ఎక్కే వాహనం ఎంత గొప్పదో చూడండి, తప్పులేదు. కానీ అంతకన్నా ముందు అది మనల్ని ఎవరి గుమ్మం దగ్గర దింపుతుందో, అక్కడ ఎంతసేపు ఉండనిస్తుందో అడగండి.