పేరిందేవమ్మ మెట్ల పసుపు

"స్వామీ, అరిగిన కీలును కదిలిస్తే ఇంకా అరిగిపోదా?"

ఈ ప్రశ్న అడిగింది పేరిందేవమ్మ. వయసు డెబ్భై ఒకటి. నరసింహస్వామి కొండ కింది మఠంలో ముప్పై ఏళ్ళుగా సిద్ధయ్యగారి శిష్యురాలు. రోజూ తెల్లవారుతూనే ఎనభై ఒక్క మెట్లెక్కి, స్వామి గడప ముందు నిలబడి మేలుకొలుపు పాడడం ఆమె సేవ. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాయి. మఠంలో అందరికీ ఆమె అంటే ప్రాణం కదమ్మా, ఇక చూడండి! ఒకరు చేతిలో చెంబు అందుకున్నారు, ఒకరు పూలబుట్ట లాక్కున్నారు. భజనలో తాళం వేసే రత్తయ్య అయితే మెత్త కుట్టించిన కుర్చీ తెచ్చి మొదటి మెట్టు పక్కన వేశాడు. "స్వామికి చెవులు బాగానే ఉన్నాయి వదినా, ఇక్కణ్ణుంచే పాడు" అన్నాడు. పాడింది. ప్రేమతో వేసిన కుర్చీ కదా, మొదట్లో లేవడానికి మొగమాటపడింది. తర్వాత లేద్దామన్నా కాళ్ళు లేవనివ్వలేదు.

ఉగాదినాడు రత్తయ్య మరో మాట చెప్పాడు. వచ్చే కార్తీక పౌర్ణమికి వదినను డోలీలో పైకి మోసుకుపోతారట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం తన కాళ్ళకేసి చూసుకుంది. ఒకరు మోసుకొచ్చి దింపిన కాళ్ళతో స్వామి ముందు ఎలా నిలబడడం? తనే ఎక్కాలనుంది, ఎక్కితే ఉన్న కీళ్ళూ పోతాయేమోనని భయం. అందుకే గురువుగారి దగ్గరికి వెళ్ళి ఆ ప్రశ్న అడిగింది.

సిద్ధయ్యగారికి వాదాలు గిట్టవు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని చెప్పడం ఆయన అలవాటు. "కింది మూడు మెట్లూ వెలవెలబోతున్నాయి తల్లీ. పసుపు రాసి బొట్లు పెట్టు. నాలుగోది ముట్టుకోకు" అన్నారు.

"కాళ్ళ నొప్పులని మొరపెట్టుకుంటే మెట్లెక్కమనే గురువు నాకే దొరకాలా!" అని గొణుక్కుంటూనే ఆమె పసుపు తడిపింది. నిటారు కొండ గనుక కింద నిలబడితే పై మెట్టు చేతికందేది. ఒక మెట్టుకు పసుపు రాసి, కాస్త ఆగి, బొట్టు పెట్టి, నరసింహా అని అడుగు వేసేది. మూడోనాటికి మోకాళ్ళు సలిపాయి. గురువుగారితో చెప్పింది.

"తెల్లారేసరికి తగ్గుతోందా?"

"తగ్గుతోంది స్వామీ."

"అయితే సాగనీ. తగ్గనినాడు ఒక మెట్టు తగ్గించు. పసుపు గిన్నె మాత్రం కింద పెట్టకు."

వారానికి రెండు మూడు మెట్లు పెరిగాయి. ఒక్కోవారం పెరగలేదు, శ్రావణంలో అయితే నాలుగు తగ్గాయి కూడా. వానకు మెట్లు జారేరోజుల్లో గురువుగారు ఆమె చేత భజన మందిరం చుట్టూ ప్రదక్షిణలు చేయించారు. రత్తయ్య మాత్రం ఆమె ఎప్పుడు కూలబడుతుందోనని కుర్చీ నెత్తిన పెట్టుకుని రోజూ వెనకాలే నడిచేవాడు. "ఎవరికయ్యా ఈ సింహాసనం?" అని జనం నవ్వితే, "మా వదినకు! మీకేం తెలుసు ఆవిడ మోకాళ్ళ సంగతి" అని కసిరేవాడు.

కార్తీక పౌర్ణమి తెల్లవారింది. డోలీ సిద్ధంగా ఉంది. పేరిందేవమ్మ దానికో దణ్ణం పెట్టి, పసుపు గిన్నె తీసుకుంది. ఇరవై, నలభై, అరవై! వెనకే ఎక్కుతున్న జనం ఒక్కొక్క మెట్టుకూ గోవిందలు కొడుతున్నారు. డెబ్భైయవ మెట్టు దగ్గర కాళ్ళు వణికాయి. ఆగింది. ఊపిరి తీసుకుంది. బొట్టు పెట్టింది. ఎనభై ఒకటో మెట్టుకు పసుపు రాసి గడప ముందు నిలబడి గొంతెత్తిందండీ, కొండ కొండంతా మారుమోగింది! వెనక ఏదో కిర్రుమంది. తిరిగి చూస్తే, ఆయాసంతో రొప్పుతూ రత్తయ్య కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"బావుందా మరిదీ, మెత్తగా ఉందా?" అందామె. కొండమీద నవ్వులే నవ్వులు.

చెమటా కన్నీళ్ళూ కలిపి తుడుచుకుంటూ ఆమె, గడప పక్కనే నిలబడి ఉన్న గురువుగారి పాదాలకు మొక్కింది. "నా పూజ పూర్తయినట్టేనా స్వామీ?"

సిద్ధయ్యగారు తూరుపున కమ్ముతున్న మబ్బును చూశారు.

"వాన వచ్చేట్టుంది తల్లీ. వెలిశాక, మొదటి మెట్టు పసుపు ఏమైందో చూసుకో."